తలుపు లేని గది

అబ్బాసియాలో శుక్రవారం, నాలుగో అంతస్తు.
చెప్పులు మెట్ల దాకా పాకిన ప్రార్థన కూడిక.
చేతిరాత బాగుంటుందని
మనవుల పుస్తకం నాకిచ్చారు.
లేచినవాళ్ల మాట రాసుకోవడమే నా పరిచర్య.

దయామణక్క లేచి, "ఆత్మీయ బలం కోసం" అంది.
రాశాను.
ఆమె కుడి దవడ వాచి ఉంది తండ్రీ,
లవంగం కొరికి కొరికి నాలుక మొద్దుబారింది.
పన్ను పీకడానికి ఇరవై దీనార్లట.
మెట్ల దగ్గర నాతో అంది, నీతో అనలేదు.

డ్రైవరు యోబు, "సేవకుల కోసం, సంఘక్షేమం కోసం" అన్నాడు.
రాశాను.
అతని బండిలో ఏసీ పోయి నెలన్నర.
స్కూలు గేటు ముందు, మిట్టమధ్యాహ్నం,
తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంటాడు.
గుడ్డ ఆరేంతలో పిల్లలు రారు.

సువార్తమ్మ పిన్ని మాత్రం దాచుకోలేదు.
"మా మామా పెళ్లికి కుట్టించుకున్న ఆకుపచ్చ గౌను
మళ్లీ తొడగదంట.
అది నాకిచ్చేలా ప్రార్థన చెయ్యండమ్మా" అంది.
గది గదంతా నవ్వింది.
పాస్టరుగారు దగ్గి, నవ్వు మింగారు.
ఆమె నవ్వలేదు.
"కానాలో పెళ్లివారికి ద్రాక్షరసం అయిపోతే
ఎవరి ప్రాణం పోయిందండీ?
అయినా చేశాడా లేదా?"
ఆ మాట కూడా రాసి
కింద రెండు గీతలు గీశాను.

ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాటింది.
దివానియా ఖాళీ అయింది.
నలభై ఒక్క టీ గ్లాసులు కడిగి బోర్లించాను.
నా చాప పక్కనే వాషింగ్ మెషీన్
ఆఖరి తిప్పుడు తిప్పుతోంది.
ఈ చప్పుడులో మాట్లాడితే
నీకు తప్ప ఎవరికీ వినపడదు.

పుస్తకం తెచ్చుకున్నాను.
వాళ్లు రాయించనిది చదువుతాను, విను:
పన్ను. నీడ.
గౌను, వీలైతే నడుం దగ్గర కాస్త వదులుగా.
ఎలీషా అకామా అని రాయించాడు,
అకామా కన్నా ముందు అతనికి నిద్ర ఇయ్యి.
వంటింటి కిటికీలో నేను నాటిన కరివేప
రెండు రెమ్మలు వేసి ఆగిపోయింది.
దాన్ని కూడా ఓసారి చూడు.

నా పేరు దగ్గర గీత ఖాళీ.
"నీదేం లేదా ఎస్తేరూ?" అని అడిగారు.
"ఏం లేదండీ, స్తోత్రం" అన్నాను.
అబద్ధం. క్షమించు.

ప్రార్థించేటప్పుడు
గదిలోకి పోయి తలుపు వేసుకోమన్నావు.
సండే స్కూల్లో ఆ వాక్యం తడుముకోకుండా అప్పజెప్పి
పెన్సిలు గెలుచుకున్నాను.
అప్పుడెవరూ చెప్పలేదు,
గదికి తలుపు లేకపోతే ఏం చెయ్యాలో.
నాది తెర.
స్నానాలగదిలో పాతబడితే తెచ్చి కట్టారు,
ఇంకా సబ్బు వాసన పోలేదు.
ఎవరు నడిచినా ఊగుతుంది.
ఊగినప్పుడల్లా మోకాళ్ల మీంచి లేచి
గోడకి వీపు ఆనించి కూర్చుంటాను.
చిన్నబాబా సెలవులకి ఇంటికొచ్చి పదకొండు రోజులు.
అంతకన్నా చెప్పను.
చెప్పాల్సిన పని లేదు నీకు.

తలుపు కావాలి.
వడ్రంగం నీకు తెలిసిన పనే కదా,
కొలతలు చెబుతాను, రాసుకో:
వెడల్పు నా జానతో నాలుగు.
ఎత్తు, నేను చెయ్యెత్తితే అందేంత.
టేకు వద్దు, చెక్కపొట్టు అతికించిందైనా చాలు.
గడియ మాత్రం లోపలి వైపు.
లోపలి వైపు, మర్చిపోకు.

మెషీన్ ఆగింది. గొంతు తగ్గిస్తాను.

పొద్దున మామాని నేనే అడుగుతాను,
కాళ్లు వణక్కుండా నువ్వు పక్కన నిలబడు.
తలుపుకి బాబ్ అంటారు, అది వచ్చు.
గడియకి ఏమంటారో
తెల్లారేలోగా చెప్పు.